‘ఏమీ లేవు’ అని రాయించిన కైలాసం

కైలాసం చనిపోయిన పదకొండో రోజున రేంజ్ ఆఫీసు గేటుకు ఒక ఫ్లెక్సీ కట్టారు. పాస్‌పోర్టు ఫొటోను సాగదీసి వేయించిన ఆయన మొహం, చుట్టూ ఒక పులి, రెండు జింకలు, ఒక నెమలి, కింద ఎర్ర అక్షరాలతో "అడవి ప్రేమికుడు" అని. బతికుండగా ఆ మాట చూసి ఉంటే కైలాసం ఆ ఫ్లెక్సీ విప్పుకుని పోయి మేకల కొట్టం మీద కప్పేవాడు. అడవిని ప్రేమిస్తున్నామని చెప్పుకునేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. "ప్రేమలు ఇంటికాడ వెట్టుకోండ్రి. అడవికి పనిజేసేటోడు గావాలె, ముద్దులు వెట్టేటోడు గాదు" అనేవాడు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆయన ఊటవాగు సెక్షన్‌లో వాచర్. లక్సెట్టిపేట నుంచి లోపలికి వచ్చే తారు రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మొదలయ్యే అడవి అది. వాగుకు ఒక ఒడ్డున నలభై ఏళ్ళ కింద తాడు పట్టి వరసగా నాటిన టేకు తోట. రెండో ఒడ్డున ఎవరూ నాటని పాత అడవి, మద్ది, మేడి, నేరేడు, తునికి.

అక్కడికి వచ్చే ఏ రకం మనిషినీ కైలాసం లెక్కచేయలేదు. కలప డిపో వాళ్ళకు టేకు తప్ప తక్కినదంతా చెత్త. చెట్టును చూస్తే వాళ్ళ కంటికి ఆకూ కొమ్మా కనపడవు, దూలాలే కనపడతాయి. జీపుల్లో వచ్చేవాళ్ళకు పులి కావాలి. అది కనపడకపోతే టాకీసులో బొమ్మ మధ్యలో ఆగిపోయినట్టు మొహాలు మాడ్చుకుని డ్రైవర్‌ను తిడతారు. ఆదివారాలు నస్పూర్ వైపు నుంచి బిర్యానీ డబ్బాలతో దిగేవాళ్ళ సంగతి సరేసరి. వాళ్ళు పోయాక కైలాసం వాగులో నుంచి ప్లాస్టిక్ గ్లాసులు ఏరుతూ గ్లాసుకొక తిట్టు తిట్టేవాడు, ఒకసారి వాడిన తిట్టు ఆ రోజు మళ్ళీ వాడకుండా.

వీళ్ళందరికంటే ఆయనకు ఎక్కువ చిరాకు తెప్పించింది ఒక్క చెట్టు కూడా కొట్టొద్దని చెప్పడానికి వచ్చేవాళ్ళు. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక గుంపు టేకు తోటలో చెట్లకు ముద్రలు వేస్తున్న ఆయన్ని చుట్టుముట్టింది.

"మీకు చేతులెలా వస్తున్నాయండీ?" అంది ఒకామె, చెట్టును నిమురుతూ.

"మీ ఇంట్ల తలుపులు దేంతోని జేసిన్రమ్మా?"

ఆమె చెట్టు మీద నుంచి చేయి తీసింది.

"టేకే గదా. గీడికెంచే వచ్చింది అది. జర కిందికి సూడుండ్రి. గడ్డి పోస ఉన్నదా? ఎండ భూమి మీద వడితే గదా గడ్డి మొలిసేది. గడ్డి లేకుంటె జింక రాదు. జింక లేకుంటె పులి పోయి ఊళ్ళె ఆవును గుంజుకపోతది. అప్పుడు ఊరోళ్ళు పులికి మందు వెడుతరు. మీరేమో ఆన్నుంచి వచ్చి నా చేతుల సంగతి అడుగుతున్నరు."

ఆమె ఆయన చేతుల్ని ఫొటో తీసుకుని పోయింది. వాటి కింద ఏం రాసి పెట్టుకుందో తెలియదు.

తోట పలచన చేయాలంటే కొట్టాల్సిన చెట్టు మొదట్లో బెరడు చెక్కి, చెక్కినచోట ఆఫీసు సుత్తితో ముద్ర కొడతారు. ముద్ర లేని చెట్టు మీద గొడ్డలి పడితే కేసు. సుత్తి రేంజరు బీరువాలో ఉండేది, పుస్తకం మీద సంతకం రేంజరుది. చెట్టును ఎంచేది మాత్రం కైలాసం చెవి. గొడ్డలి తిరగేసి, వెనక వైపుతో మానును ఒక్కసారి తట్టి, తల పక్కకు వంచి వినేవాడు. గట్టి చెట్టు, పుచ్చిన చెట్టు, నడుము దాకా గట్టిగా ఉండి పైన గుల్లబడిన చెట్టు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చప్పుడు. ఆ చెవి ఆయనకు అడవి ఇచ్చింది కాదు. ఆయన బాపు మరమగ్గాలు నడిపినవాడు. ఇరవై మగ్గాలు ఒక్కసారి మోగుతున్న షెడ్డులో గుమ్మం దగ్గర నిలబడి, ఏ మగ్గంలో ఏ కట్టె అరిగిందో చెప్పేవాడు. ఆ మోతను భరించలేకనే కొడుకు అడవిలోకి పారిపోయి వచ్చాడు. చెవి మాత్రం వెంట వచ్చింది.

గుల్లబడిన చెట్టుకు కైలాసం ఏనాడూ ముద్ర కొట్టలేదు. డిపో వాళ్ళకూ అది అక్కర్లేదు కనుక ఎవరూ అడగలేదు. "గుల్ల చెట్టంటె కిరాయి లేని ఇల్లు. అండ్ల ఎవలుంటరో నీకెందుకు?" అనేవాడు.

ఎవరుంటారో ఆయనకు బాగా తెలుసు. పాత ఒడ్డున వాగు పొడవునా పదకొండు గుల్ల మద్దులు ఉన్నాయి. వాటిలో ఒకదాని తొర్రలో ప్రతి ఎండాకాలం ఒక పిట్ట గుడ్లు పెడుతుంది. బూడిద రంగు, పెద్ద వంకర ముక్కు, ఆ ముక్కు మీద ఇంకో చిన్న ముక్కు మొలిచినట్టు కొమ్ము. కైలాసం దాన్ని కొమ్ము పిట్ట అనేవాడు. హోళీ దాటాక ఆడది తొర్రలో దూరి, మట్టితో, రెట్టతో వాకిలి మూసుకుంటుంది, ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇక వానల దాకా అది ఎగరలేదు. మగది తెచ్చిపెట్టాలి, అది తినాలి, పిల్లలకు పెట్టాలి. మగది రాకపోతే లోపల అందరూ అయిపోయినట్టే.

ఏటేటా వేసవిలో జంతువుల లెక్కలు తీసే ఫారం వచ్చేది. పాత ఒడ్డు పేరు రాగానే కైలాసం చెప్పే జవాబు ఒకటే. "ఏం లెవ్వు సార్." రాసేవాళ్ళు 'ఏమీ లేవు' అని రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకుని పోయేవారు. నడిచి వెళ్ళి చూద్దామని ఒక్కడికీ తోచలేదు. ఆ ఎండకు తోచదని కైలాసానికి తెలుసు. అట్లా ఇరవై రెండేళ్ళు.

అంతకు ముందు ఒక్కసారి ఆయన నిజం చెప్పాడు. కొత్తలో, మెప్పు కోసం, అప్పటి సెక్షన్ అధికారిని తీసుకుపోయి తొర్ర చూపించాడు. ఆ అధికారి తోడల్లుడిని తెచ్చాడు, తోడల్లుడు దోస్తులను తెచ్చాడు. కెమెరాలు, కుర్చీలు, ఎవడో ఒక నిచ్చెన. ఎనిమిది రోజులు చెట్టు కింద సంత జరిగింది. మగ పిట్ట పండు నోట పెట్టుకుని వాగు అవతల కొమ్మ మీద కూర్చుని చూసి చూసి పోయేది. తర్వాత రావడం మానేసింది. అందరూ పోయాక కైలాసం చెట్టెక్కి మట్టి గోడ పగలగొట్టాడు. లోపల ఆడది, రెండు పిల్లలు, ఎండి తేలికగా, అరటి దొప్పల్లాగా ఉన్నాయి. వాటిని కిందికి తెచ్చి పాతిపెట్టి ఇంటికి వచ్చి, రెండు రోజులు అన్నం ముట్టలేదు. భార్య గంగుబాయికి కూడా కారణం చెప్పలేదు. చాలా ఏళ్ళకు చెప్పాడు.

ఆయన పోవడానికి రెండేళ్ళ ముందు, ఏప్రిల్‌లో, కొత్త రేంజరు వంశీధర్‌రావు పాత ఒడ్డు మీద నడకదారి వేయించాలని నిశ్చయించాడు. నీడ ఉంది, వాగు ఉంది, ఫొటోలకు బాగుంటుంది. పైగా రిపోర్టుల ప్రకారం అక్కడ జంతువులు లేవు. పది రోజుల్లో పెద్ద సారు వచ్చి ప్రారంభిస్తారన్నారు. కాంట్రాక్టరు మనుషులు దిగి దారి పక్కన చెట్లన్నిటికీ నడుము ఎత్తున సున్నం, దాని మీద ఎర్రటి జాజు పట్టీ కొట్టారు. ఊపులో ఒక చెదలపుట్టకు కూడా కొట్టారు.

"చెట్లకు పెండ్లి జేస్తున్నరా?" అని అడిగాడు కైలాసం. "పుట్ట ఎవలు, పెండ్లిపెద్దా?"

కాంట్రాక్టరు మేస్త్రీ నవ్వలేదు. పుట్ట కూడా అందంగా ఉందనే అతని నమ్మకం.

ఆ మధ్యాహ్నమే వంశీధర్‌రావు జీపు దిగి, మద్దుల నీడలో నిలబడి చెప్పాడు. పక్కన బీట్ అధికారి ప్రవళిక చేతిలో ఫైలు పట్టుకుని ఉంది.

"కైలాసం, ఈ పదకొండు చెట్లకు ఎల్లుండి పొద్దుగాల ముద్రలు వడాలె. దారి మీదికి ఉన్నయి."

"గవి గుల్ల చెట్లు సార్."

"అందుకే. గాలి దుమారం వచ్చి ఎవని నెత్తి మీదన్నా పడితే నా ఉద్యోగం పోతది."

"పడయి సార్. గీ మద్ది తొమ్మిదిమంది రేంజర్లను సూసింది. ఒక్కల మీద గూడ వడలే. మస్తు ఓపిక దీనికి."

ప్రవళిక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. వంశీధర్‌రావు మొహం గట్టిపడింది.

"పాణాలున్నయి సార్ గీ ఒడ్డు పొంటి," అన్నాడు కైలాసం, గొంతు తగ్గించి. జీవితంలో ఒక రేంజరును బతిమాలడం ఆయనకు అదే మొదలు.

"ఉన్నయా? ఇరవై రెండేండ్ల రిపోర్టులు తెప్పించి చూసిన నేను. 'ఏమీ లేవు.' ప్రతి కాగితం కింద సంతకం ఎవరిది? నాదా, నీదా?" రేంజరు ఫైలు మీద వేలితో కొట్టాడు. "అప్పుడు అబద్ధం జెప్పినవా, ఇప్పుడు జెప్తున్నవా? ఏదో ఒకటి తేల్చుకో. నువ్వు ముద్రలు ఎయ్యకుంటే పక్క సెక్షన్ కెంచి ఇంకోన్ని పిలిపిస్త."

జీపు పోయింది. కైలాసం చెక్కు చెదరని ఆ మద్దుల కింద నిలబడ్డాడు. పైన తొర్రలో మట్టి గోడ వెనక ఆడది ఉంది. హోళీ దాటి మూడు వారాలు.

ఇంటికి వచ్చి చెప్పాడు. గంగుబాయి రొట్టెలు కొడుతోంది, చేతులు ఆపలేదు.

"నువ్వే గదయ్యా ఏం లెవ్వని రాపిచ్చినోనివి. ఇగ నీ మాట ఎవడు నమ్ముతడు?"

"నమ్మెటోడు ఉంటె నేనెందుకు దాస్త?"

"అందరు గాడిదలే నీకు. ఇన్నేండ్లల్ల ఒక్క మనిషి దొరకలేదా చెప్పతందుకు?"

"యాడున్నడు?"

"ఎతికినవా?" అంది ఆమె, రొట్టె పెనం మీద వేస్తూ. "గుల్ల చెట్టును కొట్టి సూసి చెప్తవు. మనిషిని కొట్టి సూడవైతివి."

కైలాసం సగం రొట్టె వదిలేసి లేచాడు.

చెప్పడానికి మిగిలింది ప్రవళిక ఒక్కతే. ఆ పిల్లంటే ఆయనకు చులకన. ధర్మపురి నుంచి వచ్చింది, పరీక్ష రాసి ఉద్యోగం కొట్టింది. మొహానికి తెల్ల క్రీము పూసుకుని, బూట్ల లేసులు రెండు ముళ్ళు వేసుకుని, ఫోనులో పిట్టల కూతలు వింటూ తిరిగేది. "చెట్టు మీద కూస్తుంటె ఫోన్ల ఎతుకుతది" అని ఆయన నలుగురిలో ఎద్దేవా చేశాడు. వచ్చిన కొత్తలో పాత ఒడ్డున ఏమున్నాయని ఆమె మూడుసార్లు అడిగింది. ఆయన మూడుసార్లూ ఏమీ లేవన్నాడు. నాలుగోసారి అడగకుండా ఒక్కతే వాగు దాటుతుంటే, ఎలుగుబంటి తిరుగుతోందని అబద్ధం చెప్పి వెనక్కి తిప్పాడు.

మర్నాడు తెల్లవారగానే క్వార్టర్ ముందు నిలబడ్డాడు.

"మేడం, రాండ్రి. నోరు మూసుకొని రావాలె."

"ఏడికి కాకా?"

"మొదలు వెట్టిన్రా అప్పుడే?"

ఆమె నోరు మూసుకుని వచ్చింది. పాత ఒడ్డుకు కాదు, వాగుకు ఇవతల టేకు తోటలోకి తీసుకుపోయాడు. రెండు టేకు వరసల సందులోంచి అవతలి మద్ది కొంచెం కనపడే చోట ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. ఎండ పైకి వచ్చింది. చీమలు పాకాయి. ఆమె కదలలేదు. ఒక గంట తర్వాత కైలాసం పక్కచూపు చూశాడు. ఆమె మెడ మీద రెండు చీమలు కుడుతూనే ఉన్నాయి.

తొమ్మిదిన్నర దాటాక మగది వచ్చింది. ముందు మేడి కొమ్మ మీద వాలి చుట్టూ చూసింది. తర్వాత మద్ది మానుకు కరుచుకుని, గొంతులో నుంచి ఒక పండు పైకి తెచ్చి సందులో పెట్టింది. లోపలి నుంచి ముక్కు కొస వచ్చి అందుకుంది. ఇంకొకటి. ఇంకొకటి.

"పద్నాలుగు," అంది ప్రవళిక అది ఎగిరిపోయాక, ఊపిరి వదిలి. "పద్నాలుగు పండ్లు కాకా. ఎన్నేండ్ల సంది ఉన్నది ఇది?"

కైలాసం చెప్పాడు. నిచ్చెన సంగతి, ఎండిపోయిన పిల్లల సంగతి, ఫారాల సంగతి, అన్నీ. ఇన్ని మాటలు వరసగా, తిట్టు లేకుండా ఆయన ఎవరితోనూ మాట్లాడి ఉండడు. ఆమె అయ్యో అనలేదు.

"దాసిపెట్టి ఏం సాధించినవ్ కాకా?" అంది. "కాగితం మీద ఏం లేదని నువ్వే రాపిచ్చినవ్. ఏం లేని తావు గావట్టే దారికి ఇదే దొరికింది సార్‌కు. ఈ చెట్లను సార్ కొట్టేస్తలేడు. నువ్వు కొట్టిస్తున్నవ్."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే కైలాసం వాళ్ళ ఏడు తరాలను లేపేవాడు. ఇప్పుడు ఎండుటాకు ఒకటి తీసుకుని ముక్కలు ముక్కలుగా తుంచాడు. ఇన్నాళ్ళూ లోకమంతా తెలివితక్కువదని నమ్ముతూ వచ్చినవాడికి, ఆ లెక్కలో తనను కూడా చేర్చుకోవలసి రావడం అంత సులువు కాదు.

"మళ్ళ వస్తదా?" అంది ఆమె.

"అద్దగంటల వస్తది."

"వీడియో తియ్యాలె. లేకుంటే సార్ నమ్మడు."

ఆమె ఫోను జేబులోనే ఉంది. చేయి దాని మీద పెట్టి ఆయన మొహంలోకి చూస్తోంది. కైలాసం వాగు వైపు చూశాడు. ఇప్పుడు తీస్తే ఈ తొర్ర ఇక ఆయనది కాదు. తీయకపోతే రేపు పొద్దున్నే సుత్తి.

"తియ్యి," అన్నాడు. మగది వచ్చినప్పుడు ఆయన తల తిప్పుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఆఫీసులో వంశీధర్‌రావు ఆ వీడియో మూడుసార్లు చూశాడు. కైలాసం గుమ్మం దగ్గర నిలబడి, ఏ మొహం పెడతాడోనని చూశాడు. రేంజరు మొహం వెలిగిపోయింది.

"అరె, జబర్దస్త్ ఉన్నది! ఇంత మంచిది పెట్టుకొని చెప్పవేంది కైలాసం? చెట్టు కొట్టుడు వద్దు. దీని కిందనే ఒక మంచె కట్టిద్దాం, బోర్డు పెడదాం. పెద్ద సార్ వచ్చిననాడు ఫస్ట్ చూపెట్టేది ఇదే."

అటవీశాఖలో చేరినప్పటి నుంచి కైలాసం చాలా మందిని చీదరించుకున్నాడు. అయినా ఆ చీదరింపులో ఇంకా ఖాళీ చోటు మిగిలి ఉందని ఆ క్షణంలో తెలిసింది. నోరు తెరవబోయాడు. ప్రవళిక ముందు అందుకుంది.

"కింద మనుషులుంటే మగది రాదు సార్. మగది రాకుంటే వారంలో లోపలివి సచ్చిపోతయి. పెద్ద సార్‌కు వాసన చూపెట్టాల్సి వస్తది."

రేంజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మరెట్ల?"

"దారి ఇవతలికి మార్చుదాం, టేకు తోటలకు. వాగు ఇవతలికెంచి చూస్తరు. పాత ఒడ్డుకు ఎవ్వరం పోవద్దు."

"తోటలకెంచి ఏం కనవడతది? జైలు ఊచల లెక్కున్నది."

"పలచన జేస్తె కనవడతది సార్," అన్నాడు కైలాసం. "ఆరేండ్లాయె పలచన జెయ్యాలని కాగితం వచ్చి. వాగు దాంక ఎండల నడవలేక మీకంటె ముందటి సార్లు రోడ్డు పొంటి చెట్లకే ముద్రలేపిచ్చి ఇంటికి పోయిన్రు. కలప డిపోకు పోతది, గడ్డి జింకలకు మొలుస్తది, మీరు సూపెట్టుకునేది మీకుంటది. గని గొడ్డలి ఇప్పుడు వద్దు. ముద్రలు రేపే ఏస్త. కొట్టుడు వానలు వడి, పిల్లలు ఎల్లినంక."

"ప్రారంభం పది రోజులల్ల ఉన్నది!"

"రిబ్బన్ రోడ్డు మీద కట్టుండ్రి సార్. ఏడ కట్టినా కత్తెరకు తెగుతది. లోపలికి నడిసే పెద్ద సార్‌ను నేనింతవరకు సూడలే."

అది నిజమని వంశీధర్‌రావుకూ తెలుసు. తల గోక్కుని, ప్రవళికను నోట్ తయారు చేయమన్నాడు. అప్పటికే అది తన ఆలోచన అయిపోయింది. మర్నాటి నుంచి ఎవరికి చెప్పినా "నేనే దారి మార్పించిన" అని చెప్పాడు. కైలాసం దాన్ని కాదనలేదు. ఆయన దృష్టిలో ఆ పేరు దొంగిలించేంత విలువైనది కూడా కాదు.

మర్నాడు పొద్దున్నే సుత్తితో కైలాసం, పుస్తకంతో ప్రవళిక టేకు తోటలోకి దిగారు. దారి పొడవునా మానులను తడుతూ, వింటూ, అరవై చెట్లు ఎంచి ముద్ర కొట్టాడు. చివరికి నిన్న కూర్చున్న చోటికి వచ్చారు. అక్కడి నుంచి మద్ది కనపడడానికి సందు తీయాలి. కైలాసం గొంతుక్కూర్చుని చూశాడు, నిలబడి చూశాడు, పక్కకు జరిగి చూశాడు. మూడు చెట్లకు మొదట్లో బెరడు చెక్కాడు.

"ఇంకో రెండు తీస్తే బాగ కనవడతది కాకా."

"బాగ ఎందుకు కనవడాలె? ఒక్కలు నిలవడితె ఒక్కలకే కనవడాలె. వెనకటోడు వాని వంతు దాకా నిలవడాలె. ఇరువై మంది ఒక్కసారి సూస్తె ఇరువై మంది ఒక్కసారి ఒర్రుతరు."

"జనాన్ని నువ్వెప్పుడన్నా మెచ్చుకున్నవా?"

"అడ్డం తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. చేయి చాచింది. కైలాసం ఆ చేతిని చూశాడు, సుత్తిని చూశాడు. రూలు ప్రకారం సుత్తి కొట్టాల్సింది ఆమే. ఇన్నేళ్ళలో ఏ అధికారీ అడగలేదు.

"ఫోను లెక్క వట్టుకున్నవేంది? పిడి కొసకు వట్టుకో. ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ కొడితె ముద్ర రెండయితది, దొంగ ముద్రంటరు."

మొదటి చెట్టుకు ముద్ర వంకరగా పడింది. కైలాసం వంగి చూసి, "తాగినోడు బొట్టు వెట్టినట్టున్నది" అన్నాడు. రెండోది కొంచెం నయం. మూడోదానికి ఆమె సుత్తి ఎత్తింది. అప్పుడే తల మీద నుంచి రెక్కల చప్పుడు వాగు దాటి మేడి కొమ్మల్లోకి పోయింది. కైలాసం చేయి అడ్డం పెట్టాడు. ఆమె సుత్తి ఎత్తినది ఎత్తినట్టే ఆగింది. అవతల మగది మానుకు కరుచుకుని పండ్లు ఒక్కొక్కటే అందిస్తోంది. ఈసారి కైలాసం తల తిప్పుకోలేదు.

అది ఎగిరిపోయి, కొమ్మ ఊగడం ఆగాక, "ఇగ కొట్టు బిడ్డా" అన్నాడు.